మోటారుకు చెప్పే మాట ఎక్కడికి పోతోంది?

(సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మద్దతు ధర, కౌలు రైతుల కార్డులు, పంటల బీమా గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ పూట మాటతో నడిచే మోటార్ల గురించి చెప్పమన్నారు. పట్నం వాళ్ల సరదా మనకెందుకని వెనక వరసలో కొందరు నవ్వారు. ఫోనుతో నడిచే స్టార్టరు ఎవరెవరికి ఉందో చేతులెత్తమంటే మాత్రం ఆ వెనక వరసలోనే ఎక్కువ చేతులు లేచాయి. కాబట్టి ఇది మన బోరు దాకా వచ్చేసిన విషయమే.

ముందు ఇంటి సంగతి చూద్దాం. పట్నంలోనో పరదేశంలోనో ఉన్న పిల్లలు పండక్కి వస్తూ ఒక చిన్న స్పీకరు తెచ్చి పెడతారు. పేరు పెట్టి పిలిచి "ఫ్యాన్ ఆపు" అంటే ఆపుతుంది. మంచానికి అతుక్కుపోయిన పెద్దవాళ్లకు, చూపు ఆనని వాళ్లకు, చదువు రాని వాళ్లకు ఇది నిజంగా ఆసరా. అందుకని ఆ వస్తువును మేము ఎగతాళి చేయం. అది పనిచేసే తీరు మాత్రం తెలుసుకోవాలి.

స్పీకరు తన పేరు వినడం వరకే ఆ డబ్బాలో జరుగుతుంది. ఆ తర్వాత మనం పలికిన మాట ధ్వని రూపంలోనే ఇంటర్నెట్ మీద కంపెనీ సర్వరుకు పోతుంది. దాన్ని అక్షరాలుగా మార్చి, మన ఉద్దేశం ఏమిటో అక్కడే తేలుస్తారు. ఫ్యాన్ స్విచ్చి ఇంకో కంపెనీది అయితే ఆ ఆజ్ఞ వాళ్ల సర్వరుకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మన ఇంటికి వస్తుంది. నాలుగడుగుల దూరంలో ఉన్న ఫ్యాన్ ఆగాలంటే రెండు కంపెనీలు, రెండు ఖాతాలు, ఒక ఇంటర్నెట్ లైను, అన్నీ ఒకేసారి బాగుండాలి. దీన్నే క్లౌడ్ అంటున్నారు. మబ్బు అని పేరు గానీ అందులో చినుకు ఉండదు, అద్దె కంప్యూటర్లు ఉంటాయి.

సర్వర్లు దగ్గరికి వస్తే ఇబ్బంది తీరిపోతుందని కొందరి వాదన. అమెజాన్ 2022 నవంబరులో మన హైదరాబాదులోనే డేటా సెంటర్లు తెరిచింది. అయినా యంత్రం ఏ ఊళ్లో ఉందన్నది అసలు ప్రశ్న కాదు. దాన్ని ఆపే అధికారం ఎవరిదన్నదే ప్రశ్న. 2025 అక్టోబరు 20, మనం దీపావళి చేసుకుంటున్న రోజున, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న అమెజాన్ సర్వర్లలో తప్పు దొర్లింది. గంటల తరబడి అలెక్సా పలకలేదు, పెట్టుకున్న అలారాలు మోగలేదు, వీధి తలుపు కెమెరాలు పనిచేయలేదు. అక్కడ ఇంటర్నెట్‌తో నడిచే పరుపులు కూడా ఉన్నాయట. అవి వేడెక్కి చల్లారలేదని జనం మొత్తుకున్నారు. పరుపుకు నవ్వుకోవచ్చు. పొట్ట మీదున్న వరికి తడి ఆగితే నవ్వలేం.

అది కొన్ని గంటల ఆటంకం. శాశ్వతంగా ఆగిపోయినవీ ఉన్నాయి. రివాల్వ్ అనే ఇంటి పరికరం ఖరీదు 300 డాలర్లు. ఆ కంపెనీని గూగుల్‌కు చెందిన నెస్ట్ కొనేసింది. 2016 మే నెలలో సర్వరు ఆపేయడంతో కొన్నవాళ్ల చేతిలో ఖాళీ డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ ముందుగా ఒక్క మాట కూడా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. గోడల్లో స్విచ్చులు బాగానే ఉన్నాయి, చేత్తో నొక్కితే వెలిగాయి. ఫోను మాట, నోటి మాట మాత్రం వినడం మానేశాయి. ఆఖరికి వాడకందారుల్లోనే కొందరు కలిసి ఆ కంపెనీని కొని నిలబెట్టుకున్నారు. మన సహకార సంఘాల వాళ్లు ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన స్టార్టరు డబ్బా దగ్గరికి వద్దాం. మనలో చాలామంది మొదట కొన్నది సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టరు. ఇంటి దగ్గర నుంచి దానికి ఫోను చేస్తాం, అంకె నొక్కుతాం, "మోటారు ఆన్ అయింది" అని తెలుగులో చెబుతుంది. దీనికి సిగ్నల్ కావాలి, రీచార్జి కావాలి. కానీ మన ఫోనుకూ స్టార్టరుకూ మధ్య ఆ డబ్బా తయారుచేసిన కంపెనీ లేదు. అది రేపు మూతపడినా మన మోటారు తిరుగుతుంది. ఇప్పుడు డీలర్లు ముందు పెట్టి అమ్ముతున్నది యాప్ స్టార్టరు. రంగుల బొమ్మలు, ఎన్ని గంటలు నడిచిందో లెక్క, ఇప్పుడు కొత్తగా నోటి మాట. వీటిలో చాలా వాటిలో మాట, ఆజ్ఞ, లెక్క అన్నీ కంపెనీ సర్వరు మీదుగానే పోతాయి.

మా మండలంలో కొందరు సభ్యులు అలాంటివే కొన్నారు. రెండో ఏడు యాప్‌కు చందా కట్టమని సందేశం వచ్చింది. కొన్నప్పుడు ఆ సంగతి చెప్పలేదని డీలరును అడిగితే కంపెనీని అడగమన్నాడు, కంపెనీ నెంబరు ఎత్తలేదు. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి. సర్వరు నుంచి సమాచారం ఆలస్యంగా రావడంతో మోటారు తిరుగుతుంటే యాప్‌లో 'ఆఫ్' అని కనిపించేది. అది నమ్మి ఎవరైనా మోటారు మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే ఈ ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాం. క్లౌడయినా, ఇంట్లో డబ్బాయినా, దూరం నుంచి మోటారు వేసే ఏర్పాటు ఉన్నచోట మరమ్మతుకు దిగేముందు మెయిన్ దించండి, ఫ్యూజు క్యారియర్లు ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోండి. యాప్‌లో ఏం కనిపిస్తోందో చూడకండి. మీరు బావి దగ్గర ఉన్నారని ఇంట్లో పిల్లాడికి తెలియదు, వాడు సరదాగా "మోటారు వెయ్యి" అనొచ్చు. ఆపమంటే వెంటనే ఆగాలి. వేయమంటే మాత్రం "వేయమంటారా?" అని ఒకసారి తిరిగి అడిగి, అవునంటేనే వేయాలి. స్టార్టరు దగ్గర చేత్తో తిప్పే స్విచ్చి ఉండి, అది కట్టేస్తే బయటి ఆజ్ఞ ఏదీ పనిచేయకూడదు. ఈ స్విచ్చి లేని డబ్బా ఎంత చవకైనా కొనొద్దు.

మన స్టార్టర్లలో ఒక ఏర్పాటు మొదటి నుంచీ సరిగ్గా ఉంది. ఒక ఫేజు పోతే, ఓల్టేజి పడిపోతే, బోరులో నీళ్లు అడుగంటి మోటారు వట్టిగా తిరిగితే, ఆపేది ఆ డబ్బాయే. ఎవరినీ అడగదు, అడిగే తీరిక ఉండదు. వైండింగు కాలడానికి పట్టే కాలం మీకు తెలుసు, రీవైండింగుకయ్యే ఖర్చు ఇంకా బాగా తెలుసు. మాట వినే పని కూడా అదే పద్ధతిలో, మన ఆవరణలోనే ఎందుకు జరగకూడదన్నది మా ప్రశ్న.

జరగొచ్చు. హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2013 నుంచి ఉంది. ఇంట్లో ఒక చిన్న కంప్యూటరు పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకుండానే దీపాలు, స్విచ్చులు నడిపిస్తుంది. దాన్ని తయారుచేసేవాళ్లు 2023 సంవత్సరమంతా నోటి మాట మీదే పనిచేశారు. మాటను అక్షరాలుగా మార్చే విస్పర్ అనే సాఫ్ట్‌వేరును ఓపెన్ఏఐ 2022 సెప్టెంబరులో అందరికీ ఉచితంగా విడుదల చేసింది, అందులో తెలుగు కూడా ఉంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం తెలుగుతో సహా 22 భాషలకు ఇలాంటివి తయారుచేసి బయటపెట్టింది.

ఇందులో ఉన్న కష్టం దాచిపెట్టం. పెద్ద కంపెనీల సర్వరుకు అర్థమైనంత తెలుగు ఇంట్లో పెట్టే చిన్న డబ్బాకు ఇవాళ అర్థం కాదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు మీద విస్పర్‌ను నడిపితే ఒక్క మాట తేల్చడానికి ఏడెనిమిది సెకన్లు పట్టొచ్చు. సర్కారు జిల్లాల యాస ఒకటి, పాలమూరు యాస ఒకటి, అనంతపురం యాస ఇంకొకటి. కానీ మనకు మోటారుతో కబుర్లు చెప్పుకునే పని లేదు. "మోటారు వెయ్యి", "మోటారు ఆపు", "గంటసేపు నడుపు", "మూడు ఫేజులూ ఉన్నాయా" - ఇలాంటివి ఇరవై మాటలుంటే పొలం పని జరుగుతుంది. ముందే రాసిచ్చిన కొద్ది మాటల్ని మాత్రమే గుర్తుపట్టే పద్ధతి చాలా తేలిక. అదే చిన్న కంప్యూటరు ఆ మాటల్ని సెకను లోపే పట్టేస్తుంది. హోమ్ అసిస్టెంట్ వాళ్లు 2025లో ఈ దారినే పట్టారు. తెలుగులో ఆ ఇరవై మాటలు, అన్ని యాసల్లో, ఆడవాళ్ల గొంతులతో సహా, ఎవరో ఒకరు కూర్చి పెట్టాలి. అది పెద్ద కంపెనీకి లాభం లేని పని కాబట్టి చేయదు.

ఇంటి నుంచి పొలానికి మాట వెళ్లేదెలా అని అడుగుతారు. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా రేడియో తరంగాలకు లైసెన్సు అక్కర్లేదు. లోరా అనే చిన్న రేడియో పలకలు ఆ తరంగాల మీదే పనిచేస్తాయి. తోటలు, గుట్టలు అడ్డం లేకపోతే రెండు మూడు కిలోమీటర్లు అందుతుంది. నెలనెలా రీచార్జి ఉండదు. అంతకన్నా దూరమైతే పాత పద్ధతిలో సిమ్‌కు నేరుగా ఫోను చేయడమే మేలు.

ఇక లెక్కల సంగతి, మా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఇదే. వ్యవసాయ మోటార్లకు స్మార్టు మీటర్లు వద్దని శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగంగా మొదలుపెట్టిన నాటి నుంచీ మన సంఘాలు కొట్లాడుతున్నాయి. ఏ రైతు ఏ గంటలో ఎంతసేపు నీళ్లు తోడాడో లెక్క ఒకసారి బయటికి పోతే, రేపు దాని మీద బిల్లు వస్తుందని, ఉచిత విద్యుత్తుకు కోత పడుతుందని మన భయం. మరి యాప్ స్టార్టరు పంపుతున్న లెక్క ఏమిటి? అచ్చంగా అదే. గంట, నిమిషం, మూడు ఫేజుల ఓల్టేజి, కరెంటు, పొలం ఉన్నచోటు, ఫోను నెంబరు. మీటరు బిగించడానికి వచ్చినవాణ్ణి పొలిమేరలో ఆపాం. ఈ డబ్బాను మన డబ్బుతో మనమే కొని బిగించుకున్నాం. ఆ లెక్క ఇవాళ ఎవరికో అమ్మేస్తున్నారని మేము అనడం లేదు. అమ్మకుండా ఆపే కాగితం మన చేతిలో లేదంటున్నాం.

గొంతు విషయమూ అంతే. పిల్లల మాటల్ని తీసేయమన్నా తీయకుండా దాచిందని అమెరికా ప్రభుత్వం అలెక్సా మీద కేసు పెడితే, 2023లో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మాటను సర్వరుకు పంపకుండా ఇంట్లోనే తేల్చుకునే వీలు అక్కడ కొన్ని స్పీకర్లలో ఉండేది. 2025 మార్చి 28 నుంచి దాన్నీ తీసేసింది. అంటే కొన్న రోజున ఉన్న హక్కు ఎప్పటికీ ఉంటుందన్న హామీ లేదు.

ట్రాక్టర్ల లోకంలో ఈ కథ ఇంకా ముందుకుపోయింది. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్ డీలరు దగ్గర నుంచి రష్యా సైనికులు ఎత్తుకుపోయిన జాన్ డీర్ యంత్రాలను దూరం నుంచే పనిచేయకుండా కట్టేశారు. దొంగలకు బుద్ధి వచ్చింది, బాగానే ఉంది. ఆ తాళం రైతు మీద కూడా పడొచ్చన్నది అమెరికా రైతులకు ఎప్పుడో తెలుసు. వాళ్ల పోరాటం వల్లే 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలను రైతే బాగుచేసుకునే హక్కు కల్పిస్తూ చట్టం చేసింది.

మరి మనం ఏం అడగాలి? ప్రజల డబ్బుతో నడుస్తున్న భాషిణి లాంటి సంస్థలు తెలుగు మాటను గుర్తించే సాఫ్ట్‌వేరును రైతు ఆవరణలోనే పనిచేసేంత చిన్నదిగా చేసి ఇవ్వాలని అడగాలి. రాయితీ మీద ఇచ్చే స్టార్టరు ఏదైనా సరే, సర్వరు లేకుండా కూడా మోటారు వేయగలగాలి, ఆపగలగాలి అని షరతు పెట్టమనాలి. నడిచిన గంటల లెక్క రైతు అనుమతి లేకుండా ఎవరికీ, విద్యుత్తు పంపిణీ సంస్థకు కూడా, ఇవ్వకూడదని బిల్లు మీదే రాయించాలి.

కొనేటప్పుడు డీలరు మాట వినొద్దు, పరీక్ష పెట్టండి. దుకాణంలోనే ఇంటర్నెట్ తీసేయమనండి. అప్పుడు "మోటారు వెయ్యి" అనండి. పనిచేస్తే మాట అక్కడే వింటోంది. "నెట్ లేదండీ" అంటే సంగతి తెలిసిపోయింది.

ఇంకొకటి, ఇది క్లౌడ్‌కు సంబంధం లేనిదైనా చెప్పాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చేముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. బోర్లు ఎండుతాయన్నది ఒక కారణం. మనకు తెలిసిన కారణం ఇంకొకటి ఉంది. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోదు. చాలా ఆటో స్టార్టర్లలో ఆలస్యం పెట్టుకునే వీలుంటుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు కూర్చుని, ఒకరు ఒక నిమిషం, ఇంకొకరు రెండు, మరొకరు మూడు అని పంచుకోండి.

గ్రామ కమిటీలు వచ్చే సమావేశం లోపు ఒక లెక్క తీయాలి. మీ ఊళ్లో సిమ్ స్టార్టర్లు ఎన్ని, యాప్ స్టార్టర్లు ఎన్ని, చందా అడిగినవి ఎన్ని, చేత్తో కట్టేసే స్విచ్చి లేనివి ఎన్ని. బిల్లులు, వారంటీ కాగితాలు ఉంటే వాటి నకళ్లు జత చేయండి. కాగితం ఇవ్వకుండా అమ్మిన డీలరు ఉంటే ఆ సంగతి కూడా విడిగా రాసి పంపండి.