హైదరాబాద్‌లో తక్కువ ఖర్చుతో కడుపు నిండా తినడం ఎలా? లొకేషన్ పిన్ ఇవ్వను, వెతికే పద్ధతి చెప్తాను

తిన్నారా? ఈరోజు టాపిక్ తిండి కాబట్టి ముందు ఆ ప్రశ్నే అడగాలి.

చాలా రోజుల నుంచి కామెంట్స్‌లో ఒకటే రిక్వెస్ట్ వస్తోంది. "అన్నా, జాబ్ కోసం హైదరాబాద్ వచ్చాను, హాస్టల్‌లో ఉంటున్నాను, తక్కువ రేటులో మంచి ఫుడ్ ఎక్కడ దొరుకుతుంది? ఒక లిస్ట్ పెట్టు" అని. సరే, ఈ ఎపిసోడ్ దాని మీదే. కానీ ముందే ఒక మాట చెప్పేస్తాను. టాప్ 10 లిస్ట్ ఇవ్వను. లొకేషన్ పిన్‌లు అసలే ఇవ్వను. ఎందుకో మధ్యలో చెప్తాను. దానికి బదులు, మీరు ఈ సిటీలో ఏ ఏరియాలో దిగినా మంచి తిండి మీరే వెతుక్కునే పద్ధతి చెప్తాను. లిస్ట్ ఆరు నెలల్లో పాతబడిపోతుంది, పద్ధతి పాతబడదు.

ముందు లెక్క చూద్దాం. సాఫ్ట్‌వేర్ వదిలేసినా ఎక్సెల్ షీట్ అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. ఉదాహరణకి ఇలా అనుకుందాం. యాప్‌లో ఒక పూట భోజనం, డెలివరీ ఛార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్‌టీ అన్నీ కలిపి 220 రూపాయలు. రెండు పూటలకి 440. నెలకి 13,200. అదే మధ్యాహ్నం మెస్‌లో 90, రాత్రి కర్రీ పాయింట్ కూర, మన కుక్కర్ అన్నం కలిపి 50 అనుకోండి. రోజుకి 140, నెలకి 4,200. తేడా నెలకి 9,000 రూపాయలు. ఏడాదికి లక్షా ఎనిమిది వేలు! మీ ఏరియాలో రేట్లు వేరేగా ఉండొచ్చు, మీ అంకెలు వేసుకుని చూడండి. పాతిక వేల జీతంతో మొదలైనవాడికి, ఇంటికి డబ్బులు పంపాల్సినవాడికి, ఎడ్యుకేషన్ లోన్ కట్టేవాడికి ఆ తేడా చిన్నది కాదు.

మరి అంత తక్కువకి వాళ్ళెలా ఇస్తారు? క్వాలిటీ తక్కువ కాబట్టేనా? అన్నిసార్లూ కాదు. ఏసీ లేదు, వెయిటర్లు లేరు, యాప్‌కి కమీషన్ లేదు. రెంట్ లేదు, ఉన్నా తక్కువ. మెనూలో నాలుగైదు ఐటమ్స్ మాత్రమే. పొద్దున కలిపిన పిండి పదింటికల్లా అయిపోతుంది, కాబట్టి ఫ్రిజ్‌లో దాచేది, పారేసేది దాదాపు ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మనం మర్చిపోకూడదు. ఆ బండి మీద భర్త దోసె వేస్తుంటే, భార్య పార్సిల్ కడుతుంటుంది, కాలేజీకి వెళ్ళే ముందు కొడుకు ప్లేట్లు అందిస్తుంటాడు. ఆ శ్రమకి జీతం ఎవరూ లెక్క కట్టరు. మన ప్లేట్ చవకగా ఉందంటే అందులో కొంత భాగం వాళ్ళ నిద్ర అన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైదరాబాద్‌లో ఇలాంటి చోట్లు ముఖ్యంగా ఐదు రకాలు.

ఒకటి, టిఫిన్ బండి. ఇడ్లీ, వడ, మైసూర్ బోండా, పూరీ, దోసె. పక్కన పల్లీ చట్నీ, అల్లం చట్నీ, కారప్పొడి. ఇక్కడ చూడాల్సింది బోర్డు కాదు, జనం. ఆటో అన్నలు, స్కూల్ యూనిఫామ్‌లో పిల్లలు, స్టీల్ క్యారియర్ పట్టుకొచ్చిన ఆ గల్లీ ఆంటీలు నిలబడి ఉన్నారంటే అది లోకల్ బండి. ఇంట్లో వండుకోగలిగినవాళ్ళు కూడా వచ్చి కొనుక్కెళ్తున్నారంటే అంతకంటే రివ్యూ ఇంకేం కావాలి? ఇలాంటి బండ్లలో కొన్ని సిటీకే గుర్తులైపోయాయి. మొజంజాహి మార్కెట్ దగ్గర తెల్లవారుజామున దోసెలు వేసే రామ్ కి బండి, చార్మినార్ దగ్గర గోవింద్ దోసె అలాంటివే. అవి ఎలాగూ అందరికీ తెలుసు. మీకు కావాల్సింది మీ హాస్టల్ సందు చివర ఉన్నది.

రెండు, కర్రీ పాయింట్. వేరే రాష్ట్రాల ఫ్రెండ్స్‌కి ఈ మాట చెప్తే అర్థం కాదు. అన్నం ఇంట్లో వండుకుంటాం, కూర మాత్రం కొనుక్కుంటాం. పప్పు, దొండకాయ వేపుడు, వంకాయ కూర, సాంబార్, రసం, పెరుగు, అన్నీ చిన్న చిన్న ప్యాకెట్లలో. అమీర్‌పేట్, ఎస్ఆర్ నగర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఎక్కడ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు ఉంటే అక్కడ సందుకొకటి కనిపిస్తుంది. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఒక్కటి ఉంటే చాలు, ఇద్దరు రూమ్మేట్స్‌కి రెండు ప్యాకెట్లతో రాత్రి గడిచిపోతుంది. ఒక్క టిప్: మీ స్టీల్ డబ్బా తీసుకెళ్ళండి. పొయ్యి మీద నుంచి దించిన వేడి సాంబార్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పోయించుకోవడం ఒంటికి మంచిది కాదు. పైగా డబ్బా తెచ్చినవాళ్ళకి ఒక గరిటె ఎక్కువే పడుతుంది, ట్రై చేసి చూడండి.

మూడు, మెస్. పేరులోనే ఉంది కదా, ఇక్కడ స్టైల్ ఏమీ ఉండదు. అన్నం, పప్పు, ఒక వేపుడు, సాంబార్, పచ్చడి, పెరుగు. అడిగినంత అన్నం. నెలకి సరిపడా కూపన్ పుస్తకం కొంటే పూటకి కొంత తగ్గుతుంది. కానీ కొనే ముందు మూడు రోజులు డబ్బులిచ్చి తినండి. అందులో ఒకటి ఆదివారం కాని రోజు, బాగా లేటుగా, రెండింటికి వెళ్ళండి. ఆఖరి బ్యాచ్‌కి ఎలా పెడుతున్నారో చూస్తే ఆ మెస్ సంగతి తెలిసిపోతుంది.

నాలుగు, ఇరానీ హోటల్. ఇరాన్ నుంచి వచ్చి, ముంబై, పుణె మీదుగా ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మొదలుపెట్టినవి ఇవి. డికాషన్ ఒకవైపు గంటల తరబడి మరుగుతుంది, పాలు ఇంకోవైపు చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. పక్కన ఒక ఉస్మానియా బిస్కెట్. ఈ హోటల్స్ గొప్పతనం టీ ఒక్కటే కాదు. వన్ బై టూ చెప్పి గంట కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఇంటర్వ్యూకి, ఇంటర్వ్యూకి మధ్య ఎండలో ఎక్కడికి వెళ్ళాలో తెలియని కుర్రాడికి ఆ కుర్చీ విలువ తెలుస్తుంది. కానీ ఈ పాత హోటల్స్ ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. మెయిన్ రోడ్డు కార్నర్‌లో స్థలం ధర పెరిగాక, ఒక టీతో గంట కూర్చోనిచ్చే వ్యాపారం నిలబడటం కష్టం కదా.

ఐదు, జొన్న రొట్టె. సాయంత్రం అయ్యేసరికి ఫుట్‌పాత్ పక్కన పొయ్యి పెట్టుకుని, చేత్తో తట్టి రొట్టెలు కాల్చే అక్కలని చూసే ఉంటారు. చాలామంది కుటుంబాలతో సహా పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. ఒకప్పుడు పేదవాళ్ళ తిండి అనుకున్నది, ఇప్పుడు షుగర్ ఉన్న అంకుల్స్, జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు లైన్‌లో నిలబడి కొంటున్నారు. రెండు రొట్టెలు, కర్రీ పాయింట్‌లో ఒక కూర, అంతే, డిన్నర్ అయిపోయింది.

వీటికి తోడు ఇంకొకటి. జేబులో నిజంగా డబ్బుల్లేని రోజులు వస్తాయి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జీహెచ్ఎంసీ 2014లో హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. అన్నం, కూర, సాంబార్, పచ్చడి. హాస్పిటళ్ళ దగ్గర, అడ్డాల దగ్గర ఈ కేంద్రాలు కనిపిస్తాయి. మొదట అన్నపూర్ణ అని పిలిచేవాళ్ళు, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చి టిఫిన్ కూడా పెట్టారు. ఆంధ్రాలో అయితే అన్న క్యాంటీన్లు ఉన్నాయి, అక్కడా 5 రూపాయలే. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆ లైన్‌లో నిలబడితే మీ డిగ్రీ ఏమీ తగ్గిపోదు.

ఇప్పుడు నేను పిన్‌లు ఎందుకు ఇవ్వనో చెప్తాను. 2024 జనవరి గుర్తుందా? దుర్గం చెరువు వైపు రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒక ఆంటీ వీడియోలు వైరల్ అయ్యాయి. జనం తండోపతండాలుగా వచ్చారు, ట్రాఫిక్ జామ్ అయింది, పోలీసులు వచ్చి బండి పెట్టొద్దన్నారు. చివరికి ముఖ్యమంత్రి దాకా వెళ్ళింది, ఆయన జోక్యం చేసుకున్నాక మళ్ళీ అక్కడే పెట్టుకోనిచ్చారు. ఆమె విషయం అలా తేలింది. కానీ ప్రతి బండి కోసం ముఖ్యమంత్రి మాట్లాడరు కదా? రోజుకి 100 ప్లేట్లు వండే ఇంటికి ఒక్కసారిగా 1,000 మందిని పంపిస్తే ఏమవుతుంది? రోజూ తినే ఆటో అన్నకి ప్లేట్ దొరకదు. హడావిడిలో రుచి పోతుంది. రేటు పెరుగుతుంది. పక్క షాపువాడు కంప్లైంట్ పెడతాడు. మనం వ్యూస్ లెక్కపెట్టుకుని వెళ్ళిపోతాం, వాళ్ళు చోటు వెతుక్కుంటారు. నా దగ్గర కెమెరా ఉంది, వాళ్ళ దగ్గర ఉన్నదల్లా ఆ ఆరడుగుల చోటే. అందుకే ఇవ్వను.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. వీధి వ్యాపారుల కోసం మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. 2014లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు మహిళలు ఉండాలి. సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇవ్వడం పూర్తయ్యేదాకా ఉన్నవాళ్ళని ఖాళీ చేయించకూడదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని తరలించాలంటే 30 రోజుల ముందు నోటీస్ ఇవ్వాలి. 2020లో పీఎం స్వనిధి పథకం కూడా వచ్చింది, మొదటి విడతలో 10,000 రూపాయల లోన్‌తో మొదలైంది. మీరు రోజూ తినే బండి అన్నకి ఇవి తెలియకపోవచ్చు. మీ చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, మీకు ఫారం నింపడం వచ్చు. ఒక సాయంత్రం "అన్నా, వెండర్ కార్డ్ ఉందా? లేకపోతే చూద్దామా?" అని అడగండి. రీల్ తీయడం కంటే అది వంద రెట్లు పనికొచ్చే సాయం.

అలాగని రోడ్డు మీద ఉన్నదంతా గుడ్డిగా తినమని చెప్పట్లేదు. కడుపు మనదే కదా! నేను చూసేవి నాలుగే. మొదటిది నీళ్ళు. తాగే నీళ్ళు క్యాన్‌లోంచి వస్తున్నాయా, ప్లేట్లు కడిగే బకెట్ నీళ్ళు ఎంతసేపటికి మారుస్తున్నారు? రెండోది నూనె. నల్లగా, చిక్కగా, నురగ కడుతూ, కళ్ళు మండేలా పొగ వస్తుంటే అది మళ్ళీ మళ్ళీ కాచిన నూనె, బజ్జీ వదిలేసి ఇడ్లీ తినండి. మూడోది పేపర్. పునుగులు న్యూస్ పేపర్‌లో కట్టడం నిబంధనల ప్రకారమే నిషేధం, ఆ ప్రింటింగ్ ఇంక్ తినే నూనెలోకి దిగుతుంది. ప్లేట్‌లో పెట్టమని అడగండి. నాలుగోది చట్నీ, మయొనైజ్ లాంటివి. 2024 అక్టోబర్‌లో మోమోస్ తిని చాలామంది ఆస్పత్రి పాలై, ఒకరు చనిపోయాక, తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ని ఏడాది పాటు బ్యాన్ చేసింది. ఎండాకాలం మధ్యాహ్నం దాకా బయట ఉన్న కొబ్బరి చట్నీ విషయంలో కూడా అంతే జాగ్రత్త. కళ్ళముందు వేడివేడిగా దిగింది తింటే సగం భయం పోతుంది.

చివరిగా, తినేవాళ్ళుగా మన మర్యాద. రెండు వేళ్ళతో పిలవకండి. అన్నా, అక్కా, పెద్దమ్మా అనండి, పాతబస్తీలో భాయ్ అనండి. డబ్బులు స్కాన్ చేసి, ఆ సౌండ్ బాక్స్ మాట్లాడేదాకా ఒక్క సెకన్ ఆగండి. ఫేక్ పేమెంట్ స్క్రీన్ చూపించి ఇడ్లీ తినేసి వెళ్ళేవాళ్ళ వల్ల పోయేది వాళ్ళ రోజు కూలి. మాల్‌లో సర్వీస్ ఛార్జ్ గురించి నోరెత్తనివాళ్ళం, ఇక్కడ ఐదు రూపాయల చట్నీ కోసం గొడవ పడొద్దు. ప్లాస్టిక్ గ్లాస్ బండి కింద పడేయకండి, రేపు ఫైన్ పడితే వాళ్ళకే పడుతుంది.

ఈ వారం మీకు ఒక హోమ్‌వర్క్. యాప్ తెరవకుండా మూడు రోజులు ఉండండి. మీ రూమ్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక టిఫిన్ బండి, ఒక కర్రీ పాయింట్, ఒక మెస్ వెతకండి. ఎంత మిగిలిందో కామెంట్‌లో రాయండి. ఏం తిన్నారో కూడా రాయండి. ఎక్కడో మాత్రం రాయకండి, పక్క రూమ్ కుర్రాడు అడిగితే మీరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. ఈ సిటీలో మంచి బండి గురించి మొదటి నుంచీ అలాగే తెలుస్తోంది.

ఇక ఉంటాను ఫ్రెండ్స్. వేళకి తినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.