సముద్రపు బొరియలలో శిలయైన మలము

 

నేటి నా ప్రసంగ విషయము మలము. నవ్వవలదు. కోట్ల ఏండ్ల నాటి సముద్రచరిత్ర కొంత దానివలననే తెలియుచున్నది.

జర్మనీ దేశపు దక్షిణభాగమున హోల్జ్‌మాడెన్ అను గ్రామమున్నది. ఆ ప్రాంతమున దొరకు నల్లని పలకరాయి సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రపు అడుగున పేరుకొన్న బురద. ఆ రాతిలో అక్కడక్కడ చెట్టుకొమ్మలవలె చీలిన గుర్తులు కానవచ్చును. ఈ జాతి గుర్తులకు 1822లో ష్లోట్‌హైమ్ అను పండితుడు, సముద్రపు నాచు అని తలచి, నాచుపేరే పెట్టెను. ఇట్టివానిలో పెక్కు జంతువుల జాడలే యని 1881లో స్వీడన్ దేశీయుడగు నాథోర్స్ట్ నిరూపించెను. ఆ కొమ్మలు నిజమునకు బొరియలు. వాని నిండ చిన్న చిన్న మలగుళికలు!

మన చేలలోని వానపాము మట్టిని మ్రింగి పైకి తెచ్చి విసర్జించుట మీరెరిగినదే. ఈ సముద్రజీవి పద్ధతి తలక్రిందులు. అది అడుగుబురద పైపొరను మేసి, మలమును క్రింది బొరియలో దాచెడిదని పరిశోధకుల అభిప్రాయము. పైన నున్నచో అలలకు చెదరిపోవలసినది, లోతున నుండుటచే నిలిచినది. ఆ జీవి శరీరము మాత్రము దొరకలేదు. పురుగువంటి మెత్తని ప్రాణి యని ఊహించుచున్నారు.

ఇందువలన ప్రయోజనమేమని మీరడుగవచ్చును. ఆ నల్లబురద పేరుకొన్న కాలమున సముద్రపు అడుగున ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. ప్రాణవాయువు లేనిచోట బొరియ త్రవ్వువారెవరు? కావున బొరియలున్న పొర, అడుగునీటికి ప్రాణవాయువు మరల చేరిన కాలమునకు గుర్తు. నేడును సముద్రములలో ప్రాణవాయువు తగ్గుచున్నది గనుక ఈ లెక్క వట్టి వినోదము కాదు.

అయితే ఏ పొర క్రింద ఏ పొర యున్నదో తెలిసినగాని ఈ లెక్క కుదురదు. కుప్పలో కలిసిన రాయి మూగది. హోల్జ్‌మాడెన్ ప్రాంతమును 1979లో అచ్చటి ప్రభుత్వము రక్షితప్రదేశముగా ప్రకటించెను. ఐనను రాతిపని ఆగలేదు.

మన ప్రాణహిత–గోదావరి లోయలోని మాలేరి శిలలలోను శిలయైన మలము లభించినది. అది బొరియలలోనిది కాదు, సముద్రపుదియు కాదు; 20 కోట్ల ఏండ్లకు పూర్వపు జంతువులది. బావి త్రవ్వునపుడు గాని, రాతిగనికి మీ పంచాయతీ సమ్మతి నిచ్చునపుడు గాని ఇట్టి రాయి కంటబడినచో దానిని కడుగవలదు, పగులగొట్టవలదు. ఎంత లోతున, ఏ పొరలో నున్నదో వ్రాసియుంచి, హైదరాబాదులోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు జాబు వ్రాయుడు.