వాడని అవయవం మాయమవుతుందా?

(గేటు మీటింగులో చేసిన ప్రసంగ పాఠం)



వాడకపోతే అవయవం కుంచించుకుపోయి, కొన్ని తరాలకు మాయమవుతుందని చాలామంది నమ్మకం. ఈ నమ్మకం ఆధారంగానే మనకు ఇంకో మాట చెబుతుంటారు: "మగ్గాల చప్పుడు, దూది నుసి మీకు అలవాటైపోయాయి. మీ పిల్లల ఒళ్లు పుట్టుకతోనే తట్టుకుంటుంది" అని. ఇందులో నిజమెంతో చూద్దాం.

అవయవాలు తగ్గడం నిజమే. మన వెన్నెముక చివర తోక ఎముక మిగిలింది, తోక లేదు. చెవి కదిలించే కండరాలున్నాయి, ఆవులా చెవి తిప్పలేం. వీటి గురించి డార్విన్ 1871లోనే రాశాడు. బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి మణికట్టు వంచి చూడండి. మధ్యలో తాడులా ఒకటి పైకి లేస్తుంది. అది ముంజేతి కండరం ఒకదాని కొస. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు. అయినా పని ఆగదు.

కానీ తగ్గేది మనం అనుకునే దారిలో కాదు. కట్టు కట్టిన కాలు సన్నబడుతుంది, ఆ సన్నదనం బిడ్డకు దిగదు. ఎన్ని తరాలుగా చెవులు కుట్టిస్తున్నాం! ఏ ఆడపిల్లయినా కుట్టిన చెవులతో పుట్టిందా? జర్మనీ శాస్త్రజ్ఞుడు వైస్‌మన్ 1880లలో 5 తరాల ఎలుకలకు తోకలు కోశాడు. వాటికి పుట్టిన 900 పైచిలుకు పిల్లల్లో ఒక్కటీ తోక లేకుండా పుట్టలేదు.

అసలు జరిగేది వేరు. పుట్టుకలోనే జీవికీ జీవికీ చిన్న తేడాలుంటాయి. అవసరమైన అవయవం చెడితే ఆ జీవి నిలవదు. అవసరం లేనిది చెడినా నిలిచి పిల్లల్ని కంటుంది. మెక్సికో చీకటి గుహల్లోని చేపలకు వేల తరాల మీద కళ్లు పోయింది ఇలాగే. ప్రకృతి ఎవరికీ అలవాటు చేయదు, తట్టుకోలేనివాటిని ఏరేస్తుంది. "మీ జాతి అలవాటుపడుతుంది" అనడమంటే, తట్టుకోలేనివాళ్లు పోనీ అనడమే!

బొంబాయిలో మొదటి నూలుమిల్లు 1850లలో వచ్చింది. అప్పటినుంచి గడిచినవి ఏడెనిమిది తరాలే. పైగా చెవుడు, ఆయాసం ముదిరేది చాలావరకు పిల్లలు పుట్టాకే. కాబట్టి ఆ ఏరివేత కూడా ఇక్కడ సాగదు.

మరి మనం అలవాటు అనుకునేది ఏమిటి? చప్పుడు బాధించడం లేదంటే, చాలాసార్లు లోపలి చెవిలోని సున్నితమైన కణాలు చచ్చాయన్నమాట. అవి మళ్లీ పుట్టవు. సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజు ఛాతీ పట్టేసి, మర్నాటికి తేలికపడితే అది నయం కావడం కాదు. అది బిసినోసిస్ మొదలు కావచ్చు. ఏళ్లు గడిస్తే ఊపిరితిత్తులు కోలుకోవు. ఈ రెండు జబ్బులనూ 1948 ఫ్యాక్టరీల చట్టం జాబితాలో చేర్చింది ఊరికే కాదు.

మన పిల్లలు మనలాంటి చెవులతో, మనలాంటి ఊపిరితిత్తులతోనే పుడతారు. మారవలసింది ఒళ్లు కాదు, షెడ్డు. నుసి లాగే యంత్రాలు, ఇయర్‌ప్లగ్గులు, ఏటా వినికిడి పరీక్ష, ఊపిరి పరీక్ష, ఆ రిపోర్టు కార్మికుడి చేతికి – ఇవీ మనం అడగవలసినవి. పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ పట్టేసేవాళ్లు ఈ వారమే డిపార్టుమెంటు ప్రతినిధికి పేరు ఇవ్వండి.