పేరు వెనక ఊరు

నారాయణఖేడ్ అంగడిలో "బసప్పా!" అని కేకేయండి. ఒక్కరే తిరిగి చూస్తారా? నాకైతే నమ్మకం లేదు. బసవ అంటే ఎద్దు, శివుడి నంది. మరి అప్ప? తెలుగులో అప్ప అంటే అక్క. కన్నడంలో నాన్న. బసప్పలోది కన్నడ అప్ప. కర్ణాటక పక్కనే కదా!

పండరి అన్న పేరూ వింటాం. అది విఠలుడి పండరీపురం. ఊరే మనిషి పేరైంది.

ఇటలీలోనూ ఇంతే. లొరెంజో అంటే లారెంటం అనే పాత ఊరివాడని అర్థం. అక్కడా ఊరే పేరైంది. ఇంకో తమాషా. ఇటలీ పియెత్రో, మన పేతురు ఒకే పేరు. అర్థం, రాయి. ఇక లూకా? అక్కడా లూకాయే, మెదక్ చర్చి దగ్గరా లూకాయే.

మీ పేరు ఏ ఊరిదో, ఏ భాషదో ఈ పూట ఇంట్లో పెద్దల్ని అడగండి.