మాట అదే - దారి మారింది



ఇవాళ ఫోను గురించి మాట్లాడుకుందాం. ఫోను అందరికీ తెలిసిందే కదా! అది చేతిలో ఉంది. బొడ్డు సంచిలో ఉంది. పొలం గట్టు మీద కూడా మోగుతోంది. మరి కొత్తగా చెప్పుకునేది ఏముంది?

ఉంది. ఫోనులో మాట పోయే దారి మారిపోయింది. ఆ దారి మారడం వల్ల కంపెనీలకు ఖర్చు తగ్గింది. కొందరి పని పోయింది. కొందరికి కొత్త పని వచ్చింది. పచ్చళ్లు, చీరలు, విస్తళ్లు అమ్ముకునే ఆడవాళ్ల సంఘాలకు కూడా ఇందులో లాభం ఉంది. అందుకే ఇది తెలుసుకోవలసిన సంగతి.

ఫోను నడిచి వచ్చిన దారి

1876లో అమెరికాలో గ్రాహం బెల్ టెలిఫోనుకు హక్కు పత్రం పొందాడు. 1882లో మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరిచారు. ఎక్స్ఛేంజి అంటే ఫోను తీగలన్నీ వచ్చి కలిసే చోటు. అక్కడ ఒక మనిషి కూర్చుని ఈ తీగను ఆ తీగకు కలిపితేనే ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. ఆ పని చాలా చోట్ల ఆడవాళ్లు చేశారు. వాళ్లను ఆపరేటర్లు అనేవారు.

వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాలు. ముందు ఎక్స్ఛేంజికి చెప్పాలి. లైను దొరికేదాకా కాచుకుని కూర్చోవాలి. ఒక్కోసారి పొద్దున చెబితే సాయంత్రం దొరికేది.

1960లో లక్నో, కాన్పూరు నగరాల మధ్య ఎస్.టి.డి. వచ్చింది. అంటే మధ్యలో మనిషి లేకుండా నేరుగా నంబరు తిప్పి వేరే ఊరికి మాట్లాడడం. తరవాత వీధి వీధిన ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. పసుపు పచ్చ బోర్డులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. రాత్రి రేటు తగ్గుతుందని ఆ బూతుల ముందు జనం వరస కట్టేవాళ్లు. గల్ఫుకు పోయిన భర్తతో మాట్లాడాలంటే చేతిలో డబ్బులు పట్టుకుని, మీటరు వైపు చూస్తూ మాట్లాడాలి. సగం మాటలు గొంతులోనే ఉండిపోయేవి.

1995లో మన దేశానికి రెండు కొత్త సంగతులు వచ్చాయి. జులై 31న మొదటి సెల్ ఫోను మాట. ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్టు. అప్పట్లో రెండూ డబ్బున్నవాళ్లకే. ఇప్పుడు ఆ రెండూ కలిసిపోయాయి. ఆ కలయికే ఇంటర్నెట్టు ఫోను.

పాత ఫోను కాలవ, కొత్త ఫోను రోడ్డు

పాత ఫోనులో ఇద్దరు మాట్లాడుతుంటే ఆ ఇద్దరి కోసం ఒక దారి మొత్తం కట్టేసి ఉంచేవాళ్లు. ఒక పొలానికి నీళ్లు పెట్టడానికి కాలవ అంతా వదిలినట్లు. ఆ ఇద్దరూ మాట్లాడకుండా ఊరుకున్నా సరే, ఆ కాలవ వేరేవాళ్లకు దొరకదు. దూరం పెరిగితే ఖర్చు పెరిగేది.

ఇంటర్నెట్టు ఫోను అలా కాదు. అది మాటను చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్క సెకను మాట మామూలుగా 50 ముక్కలు అవుతుంది. ప్రతి ముక్క మీద చేరవలసిన చిరునామా ఉంటుంది. వరస నంబరు కూడా ఉంటుంది. ఆ ముక్కలు అందరూ నడిచే రోడ్డు మీద పోతాయి. ఆ రోడ్డు మీదే బొమ్మలు, సినిమాలు, బ్యాంకు లెక్కలు కూడా పోతుంటాయి. అవతలి ఫోను ఆ ముక్కలను వరస నంబరు చూసి మళ్లీ కలుపుతుంది. పూలు విడివిడిగా పంపితే అక్కడ దండ గుచ్చుకున్నట్లు అన్నమాట.

ఒక ముక్క ఆలస్యంగా వస్తే ఏమవుతుంది? దాన్ని వదిలేస్తుంది. అందుకే నెట్టు సరిగా లేనప్పుడు మాట తెగి తెగి వినిపిస్తుంది.

మాట చాలా తేలిక సరుకు. ఒక నిమిషం మాటకు అటూ ఇటూ కలిపి దాదాపు ఒక ఎంబీ చాలు. ఒక జీబీ అంటే సుమారు 1000 ఎంబీలు. అంటే ఒక జీబీతో సుమారు 1000 నిమిషాలు మాట్లాడవచ్చు. లెక్క వేయండి. 16 గంటల పైమాటే!

మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి కొన్ని హద్దులతో ఇంటర్నెట్టు ఫోనుకు అనుమతి ఇచ్చారు. 2015లో వాట్సాప్ లో మాట్లాడుకునే వీలు వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అందులో మాట కూడా డేటా దారిలోనే ముక్కలుగా పోతుంది. 2018లో బి.ఎస్.ఎన్.ఎల్. 'వింగ్స్' అని ఒక సేవ మొదలుపెట్టింది. ఇంటర్నెట్టు మీద నుంచి మామూలు ఫోను నంబర్లకు మాట్లాడే సేవ అది. అంటే తెలియకుండానే చాలామంది ఈ దారిలోకి వచ్చేశారు.

కంపెనీకి ఏమి లాభం?

పాత ఆఫీసును గుర్తు తెచ్చుకోండి. గోడకు ఒక పెట్టె ఉండేది. దాని నుంచి ప్రతి బల్లకూ ఒక తీగ. బయట నుంచి వచ్చిన ఫోను ఆపరేటరు ఎత్తి, అడిగినవాళ్లకు కలిపేది. కొత్త మనిషి పనిలో చేరితే కొత్త తీగ లాగాలి. ఆఫీసు వేరే వీధికి మారితే మళ్లీ మొదటి నుంచి పని. ఒక్కోసారి నంబరే మారిపోయేది. పాత నంబరుకు చేసేవాళ్లకు దిక్కు తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ పెట్టె చేసే పని కంప్యూటరు చేస్తుంది. ఆ కంప్యూటరు ఆఫీసులోనే ఉండాలని కూడా లేదు. దీనివల్ల కంపెనీకి వచ్చే లాభాలు ఇవీ.

ఒకటి. ఫోనుకు వేరే తీగ, నెట్టుకు వేరే తీగ అక్కరలేదు. ఒకే తీగ రెండు పనులూ చేస్తుంది.

రెండు. విజయవాడలో ఆఫీసు, విశాఖపట్నంలో గోడౌను, వరంగల్లులో కొట్టు ఉన్నాయనుకోండి. మూడూ ఒకే ఇంట్లో మూడు గదుల్లా మాట్లాడుకుంటాయి. వాటి మధ్య మాటకు దూరం లెక్క ఉండదు.

మూడు. కొత్త మనిషి వస్తే తీగ లాగే పని లేదు. కంప్యూటరులో పేరు రాసుకుంటే చాలు. మనిషి మానేస్తే పేరు తీసేస్తారు.

నాలుగు. ఒకే నంబరు చాలా మంది దగ్గర మోగుతుంది. ఒకరు ఎత్తకపోతే ఇంకొకరికి పోతుంది. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అని గొంతు వినిపిస్తుంది కదా, అదీ ఆ కంప్యూటరు పనే.

ఐదు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరు ఎత్తారు, ఏది ఎత్తలేదు - అన్నీ లెక్కగా ఉంటాయి. ఎత్తని ఫోను అంటే పోయిన బేరం. అది కళ్లకు కనిపిస్తుంది.

ఆరు. మనిషి ఆఫీసులోనే కూర్చోవాలని లేదు. ఇంటి నుంచి కూడా మాట్లాడవచ్చు. 2020లో కరోనా వచ్చి అన్నీ మూతపడినప్పుడు ఈ వీలున్న కంపెనీల పని ఆగలేదు. ఆ ఏడు నవంబరులో కేంద్ర ప్రభుత్వం కాల్ సెంటర్ల రూలు కూడా సడలించింది. ఇంటి నుంచి పని చేయడం తేలికైంది.

ఒక నంబరుకు ఎంత బలం ఉంటుందో 108ని చూస్తే తెలుస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సేవ మొదలైంది. ఊరు ఏదైనా, రాత్రయినా పగలయినా, జనం గుర్తు పెట్టుకునేది మూడు అంకెలే. ఎత్తే మనిషి మారుతూ ఉంటారు. నంబరు మారదు.

సంఘానికి ఏమి లాభం?

ఒక ఊళ్లో పది మంది ఆడవాళ్లు కలిసి పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారనుకుందాం. సీసా మీద ఒక ఫోను నంబరు వేశారు. ఎవరిది ఆ నంబరు? అధ్యక్షురాలి సొంత నంబరు. ఆ ఫోను ఆమె దగ్గర ఉంటుందా? చాలా సార్లు ఉండదు. భర్త పట్టుకుని టౌనుకు పోతాడు. లేకపోతే పిల్లవాడు ఆటలు ఆడుతుంటాడు. హైదరాబాదు నుంచి యాభై సీసాలు కావాలని ఎవరో చేస్తారు. ఎత్తేవాళ్లు ఉండరు. వాళ్లు ఇంకో చోట కొనుక్కుంటారు.

రెండేళ్లకు ఆమె కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. లేదా సంఘంతో మాట పట్టింపు వచ్చింది. నంబరు ఆమెతోనే పోయింది. నంబరుతోపాటు ఖాతాదారులూ పోయారు. పది మంది చెమటోడ్చి సంపాదించిన పేరు ఒక్క సిమ్ము కార్డులో ఇరుక్కుపోయింది.

ఇప్పుడు మామూలు సెల్లు పథకాల్లో కూడా దేశంలో మాటకు విడిగా డబ్బు తీసుకోకపోవడం మామూలైంది. కనుక చిన్న సంఘానికి మాట ఖర్చులో పెద్ద తేడా రాకపోవచ్చు. అసలు లాభం అది కాదు. సంఘం నంబరు సంఘం చేతిలో ఉండడమే అసలు లాభం.

ఇంటర్నెట్టు ఫోను కంపెనీ దగ్గర సంఘం పేరు మీద ఒక నంబరు తీసుకోవచ్చు. అది ముగ్గురి ఫోన్లలో మోగేట్టు పెట్టుకోవచ్చు. ఒకామె కారం దంచుతుంటే ఇంకొకామె ఎత్తుతుంది. అధ్యక్షురాలు మారినా నంబరు మారదు. ఎంతమంది చేశారో నెలాఖరున లెక్క చూసుకోవచ్చు. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద ఉన్నట్లే నంబరు కూడా సంఘం పేరు మీద ఉండాలి.

మరి తొందరపడాలా? వద్దు. నెలకు నాలుగు ఫోన్లు వచ్చే సంఘానికి ఇది అనవసరం. సంఘం పేరు మీద ఒక సిమ్ము కొని, ఒక మామూలు ఫోను ఆఫీసు గదిలో పెడితే చాలు. రోజుకు పాతిక, ముప్పై ఫోన్లు వచ్చి, కొన్ని ఎత్తలేకపోతుంటే అప్పుడు ఆలోచించండి. నెలకు ఎంత కట్టాలి? మధ్యలో మానేస్తే నంబరు మనకే ఉంటుందా? ఆ కంపెనీకి ప్రభుత్వ అనుమతి ఉందా? ఈ మూడు ప్రశ్నలు అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. చదివి సంతకం పెట్టండి.

జాగ్రత్తలు

కరెంటు: పాత తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే, అదే తీగలో వచ్చేది. ఊళ్లో కరెంటు పోయినా అది పలికేది. నెట్టు పెట్టెకు ఇంట్లో కరెంటు ఉండాలి. బ్రిటన్ దేశంలో పాత తీగ ఫోన్లన్నీ తీసేసి ఇంటర్నెట్టు దారికి మారుస్తున్నారు. ముందు 2025 చివరికి పూర్తి చేయాలనుకున్నారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఆపదలో నొక్కే బటన్లు ఆ పాత తీగల మీదే పని చేసేవి. కొత్త దారిలో కొన్ని పలకలేదు. దాంతో గడువు 2027 జనవరికి జరిపారు. అంత పెద్ద దేశమే ఆగి ఆలోచించింది. మనం కూడా ఒక బ్యాటరీ పెట్టుకోవాలి. ఒక మామూలు సెల్లు పక్కన ఉంచుకోవాలి.

ఆపద: వాట్సాప్ నుంచి 112కు, 108కి ఫోను పోదు. ఆపదలో మామూలు ఫోను నుంచే చేయాలి. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.

మోసం: ఇంటర్నెట్టు మీద ఎక్కడో కూర్చుని ఇక్కడి నంబరులా కనిపించేట్టు చేసే దొంగలు ఉన్నారు. నంబరు చూసి నమ్మవద్దు. బ్యాంకు అన్నా, పోలీసు అన్నా ఓటీపీ చెప్పవద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలు.

మిగిలింది ఎవరికి?

కొత్త దారి వచ్చిన ప్రతిసారీ కొందరి పని పోతుంది. ఎస్.టి.డి. వచ్చాక ట్రంకు ఆపరేటర్ల పని తగ్గింది. సెల్లు వచ్చాక ఎస్.టి.డి. బూతులు మూతపడ్డాయి. వాటిని నడిపిన వికలాంగులు, ఆడవాళ్లు వేరే బతుకు వెతుక్కున్నారు. ఇప్పుడు ఆఫీసు ఆపరేటరు కుర్చీ ఖాళీ అవుతోంది.

ఇంటి నుంచి ఫోనులో మాట్లాడే పని మాత్రం వచ్చింది. చంటిపిల్ల తల్లి, బస్సు దొరకని ఊరి పిల్ల కూడా చేయగల పని అది. కానీ ఆ పనిలో చేరేముందు కొన్ని అడగాలి. నెట్టు బిల్లు ఎవరు కడతారు? చెవికి పెట్టుకునే హెడ్ ఫోను ఎవరు ఇస్తారు? రోజుకు ఎన్ని గంటలు? రాత్రి పని ఉందా? జీతం ఏ తేదీన వస్తుంది? ఆఫీసు అద్దె, తీగల ఖర్చు, కరెంటు బిల్లు కంపెనీకి మిగిలాయి. ఆ ఖర్చు మెల్లగా పనిమనిషి ఇంటి మీదకు జరిగితే అది లాభం కాదు, భారం మార్చడం.

ఇంకో మాట. ఈ పనికి గొంతు ఒక్కటే చాలదు. తెర మీద పేరు చదవాలి. చిరునామా రాయాలి. లెక్క సరిచూడాలి. చదువు వచ్చినవాళ్లకే ఆ కుర్చీ. మీరు నేర్చిన అక్షరాలు అక్కడ అన్నం పెడతాయి.

సంఘంలో మాట్లాడుకోండి

మన సంఘం నంబరు ఎవరి పేరు మీద ఉంది?
పోయిన నెలలో ఎత్తని ఫోన్లు ఎన్ని?
కరెంటు లేనప్పుడు మన ఊళ్లో ఏ ఫోను పలుకుతుంది?

ఈ మూడింటికీ జవాబులు పలక మీద కాదు, సంఘం పుస్తకంలో రాయండి. వచ్చే సమావేశంలో చదివి వినిపించండి.