పోలెండు చరిత్రము - ఒక నగరపు దస్తావేజులు
(పఠనాలయ సభలో చేసిన ప్రసంగము)



పోలెండు చరిత్రమును తెలిసికొనగోరువా రేయే గ్రంథములు చదువవలయునని మిత్రులు కొందఱు మమ్మడిగిరి. మేము చరిత్రకారులము కాము. న్యాయస్థానములలో కాలము గడపువారము. కావున మా వృత్తిధర్మమునే ముందు చెప్పెదము: వాది పత్రమును మాత్రమే చదివి తీర్పు చెప్పరాదు.

మొదట ఆడమ్ జమోయ్‌స్కీ 1987లో ప్రకటించిన 'ది పోలిష్ వే' చదువవలయును. వేయేండ్ల కథ యొక్క సంపుటమున నిమిడియున్నది. ప్రభువర్గమువారు రాజు నెన్నుకొనుటయు, సభలో నొక్క సభ్యుడు కాదన్నను కార్యము చెడుటయు, 1791 మే 3వ తేదీ రాజ్యాంగముతో నా దోషమును దిద్దుకొనబూనుటయు నిందు గాననగును. కాని పొరుగు రాజ్యములు దిద్దుకొననీయలేదు. 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు మొదలిడిన పంపకము 1795లో దేశమును పటమునుండి తుడిచివేసెను. మరల 1918లో గాని పోలెండు తలయెత్తలేదు.

పిదప నార్మన్ డేవిస్ వ్రాసిన 'గాడ్స్ ప్లేగ్రౌండ్' 1981లో రెండు సంపుటములుగా వెలువడినది. ఇది తీరికగా చదువవలసిన గ్రంథము. 1795 తరువాతి కథ రెండవ సంపుటమున నున్నది. రాజ్యము లేని జాతి యెట్లు జీవించెనో యెఱుగగోరువారు దానిని విడువరాదు.

మూడవది డేవిస్, రోజర్ మూర్‌హౌస్‌లు కలిసి వ్రాసి 2002లో ప్రకటించిన 'మైక్రోకాజమ్'. ఇది వ్రొత్స్వాఫ్ అను నొక్క నగరపు చరిత్ర. క్రీ. శ. 1000 నాటికే పోలెండు రాజుల యేలుబడిలో నచట బిషపు పీఠ మేర్పడెను. 1335లో బొహీమియాకును, 1526లో హాప్స్‌బుర్గులకును, 1741లో ప్రష్యాకును ఆ నగరము చేజిక్కెను. జర్మనుల కది బ్రెస్లౌ. 1945లో సోవియట్ సేనలు ముట్టడింపగా శిథిలమై, బెర్లిను పడిన నాలుగు దినములకు, మే 6న లొంగిపోయెను. పోట్స్‌డామ్ నిర్ణయముతో పోలెండు పాలనలోనికి వచ్చెను. జర్మనులు వెడలగొట్టబడిరి. సోవియట్లపాలైన తూర్పు మండలములలో నిండ్లు గోల్పోయిన పోలులు పెక్కుమంది వచ్చి యా యిండ్లలో కాపురముండిరి.

1817లో ల్వూఫ్ నగరమున స్థాపితమైన ఒస్సొలినెయుమ్ గ్రంథాలయపు సంపదలో నొక భాగ మిచటికి చేరెను. శేష మచటనే నిలిచెను. గ్రంథాలయమునకు సైతము విభాగము తప్పలేదు! పఠనాలయమున గూర్చున్న మనకా బాధ వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ నగర మెవ్వరిది? శతాబ్దములనాటి హక్కును పోలులు చూపిరి. తరతరముల స్వాధీనమును జర్మనులు చూపిరి. ఇరువురి దస్తావేజులును నిజమైనవే; రెండును అసంపూర్ణములే. తమ ప్రార్థనామందిరము 1938 నవంబరులో దగ్ధము కాగా, పిమ్మట వధ్యస్థానములకు తరలింపబడిన యూదుల పేరు ఆ వాదములలో నెంత యరుదు! ఈ గ్రంథము వారినిగూడ సాక్షులుగా బిలిచినది. అందుచేతనే దీనిని విశేషముగా సిఫారసు చేయుచున్నాము.

జాతి కష్టములను చదివి కన్నీరు నించుట సులభము. ఆ జాతిచే వెడలగొట్టబడినవారి కష్టమునుగూడ చదువుట కఠినము. ఆ కఠినమైన చదువే చరిత్రాభ్యాసము. ఈ మూడు గ్రంథములను తెప్పించి బల్లపై నుంచవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాము.