ఆ రెండు మొక్కలూ వేరే!
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



సర్వీసులో నేను చేసిన ఒక పొరపాటు మీ ముందు చెప్పుకోవాలి. క్యాంపుకు వెళ్ళినప్పుడు ఒక కొండ కింద తడి ఇసుకలో డ్రాసెరా మొక్కలు కనిపించాయి. ఆకుల మీద జిగురు బొట్లు మెరుస్తాయి. వాటికి అంటుకున్న పురుగులే ఆ మొక్కకు ఆహారం. 1875లో డార్విన్ ఇలాంటి మొక్కల మీద పుస్తకమే రాశాడు. మా జూనియర్ "సార్, ఇవి రెండు జాతులండీ" అన్నాడు. "ఒకటి లేతది, ఒకటి ముదిరింది, అంతే!" అని నలుగురిలో కసిరాను.

అతను చెప్పిందే నిజం. బర్మన్నై ఆకులు గరిటెల్లా ఉండి, నేలకంటుకుని చక్రంలా పరుచుకుంటాయి. ఎంత ముదిరినా పూకాడ లేస్తుందే తప్ప కాండం పెరగదు. ఇండికాకు నిలువు కాండం, దారాల్లాంటి పొడవాటి ఆకులు. పువ్వులో చూస్తే బర్మన్నైకి కీలాలు 5. ఇండికాకు 3, అవి మొదట్లోనే రెండేసిగా చీలతాయి. కొండల మీద పెరిగే పెల్టాటాకైతే అర్ధచంద్రాకారపు ఆకులు, నేలలో దుంప.

రిటైరయ్యాక భూతద్దం పెట్టి చూసుకుంటే గాని నా తప్పు నాకు తెలియలేదు. ఆ జూనియర్ కూడా ఇప్పుడు పెన్షనరే. రెండో వరుసలో కూర్చున్నారు. అయ్యా, ఆ రోజు మీరు చెప్పిందే సరి. అదీ ఈ నలుగురిలోనే చెబుతున్నాను.

సెలవు.